నడిచేవాళ్లకు దారి ఇవ్వండి: హైదరాబాద్ నగర అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్ నగర పాలక అధికారులకు, రోడ్లు, బస్సులు, మెట్రో, పార్కులు, గ్రంథాలయాల పనులు చూసే ఇంజనీర్లకు, మా ప్రజాప్రతినిధులకు

నమస్కారం.

మన నగరానికి మంచి పేరుంది. మెర్సర్ సంస్థ వేసే జీవన నాణ్యత ర్యాంకుల్లో 2015 నుంచి 2019 దాకా వరుసగా ఐదేళ్లు దేశంలో మొదటి స్థానం హైదరాబాద్‌కే దక్కింది. చివరి రెండేళ్లు దాన్ని పుణేతో పంచుకుంది. ఆ వార్త వచ్చినప్పుడల్లా అందరిలాగే నేనూ సంతోషించాను. కానీ ఆ జాబితా ఎవరి కోసం తయారవుతుందో చూడాలి. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను పరాయి దేశానికి పంపేటప్పుడు ఎంత భత్యం ఇవ్వాలో లెక్కగట్టుకోవడానికి దాన్ని వాడతాయి. అలా వచ్చే ఉద్యోగికి కారుంటుంది, చాలాసార్లు డ్రైవరూ ఉంటాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చి నాలుగిళ్లలో పని చేసుకునే మనిషి, బీపీ మాత్రల కోసం బస్తీ దవాఖానాకు నడిచే పెద్దామె, ట్యూషన్ నుంచి ఒంటరిగా ఇల్లు చేరాల్సిన ఐదో తరగతి పిల్ల ఆ లెక్కలోకి రారు.

నేను చూసే కొలత ఇది. డెబ్బై ఏళ్ల మనిషి, పదేళ్ల పిల్ల, ఈ ఇద్దరూ ఎవరి తోడూ లేకుండా ఇంట్లోంచి బయల్దేరి కూరగాయలకో, లైబ్రరీకో, పార్కుకో, బస్టాపుకో నడిచి వెళ్లి క్షేమంగా తిరిగి రాగలగాలి. అలా రాగలిగితే ఆ నగరం బతకడానికి బాగున్నట్టే. మిగతావన్నీ, అంటే అద్దాల మేడలు, అవుటర్ రింగు రోడ్డు, విమానాశ్రయం, ఆ తర్వాతి మాట. మీరు చేసే ప్రతి పనికీ ముందు ఈ ఒక్క పరీక్ష పెట్టమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మొదట ఫుట్‌పాత్ సంగతి. పాదచారుల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇళ్లున్న ప్రాంతాల్లో ఏ అడ్డూ లేని నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలి. వ్యాపార ప్రాంతాల్లో 2.5 మీటర్లు ఉండాలి. రోడ్డు మీంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ అంకెలు గాల్లోంచి పుట్టలేదు. ఎదురెదురుగా వచ్చే చక్రాల కుర్చీలు రెండు ఒకదాన్నొకటి దాటి పోవాలంటే ఆ వెడల్పు కావాలి. అంతకు మించిన ఎత్తయితే మోకాళ్లు అరిగినవాళ్లు కాలెత్తి పెట్టలేరు. మీ ఇంజనీర్లందరికీ ఇది నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు ఏ వీధికైనా వెళ్లి చూడండి. ఫుట్‌పాత్ ఉన్న చోట కూడా ఎక్కాలంటే గోడో స్తంభమో పట్టుకోవాలి. ప్రతి గేటు దగ్గరా తెగిపోతుంది, దిగి మళ్లీ ఎక్కాలి. కాస్త దూరం పోగానే ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ ఇనుప కంచె. ఆ తర్వాత కరెంటు స్తంభం, దానికి వేలాడే కేబుల్ చుట్టలు, పని అయ్యాక సరిగా మూయని మ్యాన్‌హోల్ మూత, ఎవరో బైకులెక్కించుకోవడానికి పోసుకున్న సిమెంటు ర్యాంపు. జనం ఫుట్‌పాత్ ఎక్కడమే మానేసి రోడ్డు అంచున నడుస్తున్నారంటే కారణం ఇదే. వాళ్లకు క్రమశిక్షణ లేదని టీవీ చర్చల్లో తిడుతుంటారు. నడవడానికి వీల్లేని చోట నడవలేదని మనిషిని తప్పుపట్టడం అన్యాయం. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. కాబట్టి ఇది మేం బతిమాలుకోవాల్సిన వరం కాదు.

ఫుట్‌పాత్ ఖాళీ చేయండి అనగానే ముందు తోపుడు బండ్ల మీద పడతారు. దయచేసి ఆ పని చేయకండి. బండి మీద ఇడ్లీ అమ్మే ఆమె సాయంత్రానికి వెళ్లిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వెళ్లదు. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలనీ ఉంది. ఆ కమిటీని కూర్చోబెట్టి, ఏ వీధిలో ఏ వైపు బండ్లు నిలపాలో వాళ్లతోనే గీత గీయించండి. రాత్రి తొమ్మిది దాటాక వీధిలో ఒక మిర్చి బజ్జీ బండి, ఒక పాన్ డబ్బా, ఒక ఇరానీ హోటల్ తెరిచి ఉంటే ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది. ఆడవాళ్ల భద్రత కోసం 2014లో మొదలైన పోలీసు బృందాలు, షీ టీమ్స్, మంచి పని చేస్తున్నాయి, నేను కాదనను. అయినా ప్రతి గల్లీలో పోలీసు నిలబడలేడు. బజ్జీల బండి నిలబడుతుంది.

ఇక రోడ్డు దాటడం. నేనుండేది రాంనగర్ వైపు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2.25 కిలోమీటర్ల ఉక్కు వంతెన 2023 ఆగస్టులో తెరిచారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర గంటల తరబడి ఇరుక్కుపోయేవాళ్లకు అది మేలు చేసింది. అంబులెన్స్ త్వరగా పోతుంది, సంతోషం. కానీ వంతెన పై మనుషులకు సుఖం చేస్తే సరిపోదు, కింద మనుషులు కూడా ఉన్నారు. వంతెన దిగేచోట వాహనాలు వచ్చిన ఊపులోనే వస్తాయి. ఒకప్పుడు ట్రాఫిక్ ఆగినప్పుడు దొరికే ఆ కాస్త సందు కూడా ఇప్పుడు దొరకదు. సిగ్నల్ లేని ప్రయాణం అని నగరమంతా గొప్పగా చెప్పుకుంటున్నాం. వాహనం ఎక్కడా ఆగకపోవడమంటే నడిచే మనిషి ఎక్కడా దాటలేకపోవడమే. ఈ సంగతి ప్రణాళిక కాగితం మీద కనిపించదు, బజార్లో నిలబడితే కనిపిస్తుంది. దానికి విరుగుడుగా ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు కడుతున్నారు. మెట్లెక్కగలిగిన కుర్రవాళ్లకు అవి బాగానే ఉంటాయి. లిఫ్టు పనిచేయని రోజున పెద్దవాళ్లు ఏం చేయాలి? కారులో కూర్చున్నవాళ్లు కదలకుండా నేల మీద పోవాలి, కర్ర పట్టుకున్నవాళ్లు రెండంతస్తులు ఎక్కి దిగాలి అని ఎవరు నిర్ణయించారు?

మా అత్తగారు ఒకప్పుడు చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు నడిచి వెళ్లేవారు. కచేరీ ఉంటే కచేరీ, నాటకం ఉంటే నాటకం, ఏమీ లేకపోతే వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి అక్కడ తన ఈడువాళ్లతో కాసేపు కూర్చుని వచ్చేవారు. అక్కడే ఆమెకు స్నేహితులున్నారు. ఇప్పుడు వెళ్లడం లేదు. కాళ్లు బాగానే ఉన్నాయి, ఇంట్లో మూడంతస్తులు ఎక్కి దిగుతారు. రోడ్డు దాటాలంటే భయం. "ఆటో మాట్లాడనా అత్తయ్యా" అంటే, "అంత దానికి ఆటో ఏంటమ్మా, నడిచే దూరమేగా" అని టీవీ ముందు కూర్చుంటారు. ఆమె లోకం ఒక గది అంత అయిపోయింది. ఇది ఏ ఆసుపత్రి రికార్డులోనూ రాదు, ఏ ప్రమాదాల లెక్కలోనూ రాదు. ఈ నగరంలో ఇలా ఇంట్లోనే ఆగిపోయిన పెద్దవాళ్లు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నారు. వాళ్ల పిల్లలు నాలాగే ఆఫీసులకు పరుగెడుతుంటారు.

నడకకు నీడ కూడా కావాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊరు మనది. హరితహారంలో లక్షల మొక్కలు నాటారు. మన నగరాన్ని ట్రీ సిటీ అని బయటివాళ్లు గుర్తించారు కూడా. అయితే ఎక్కువ చెట్లు రోడ్డు మధ్య డివైడర్ మీద పెరుగుతున్నాయి. అక్కడ ఎవరూ నడవరు. మధ్యాహ్నం ఆ నీడ కారు పైకప్పు మీద పడుతుంది, లోపల ఏసీ నడుస్తూనే ఉంటుంది. ఆ మొక్కల్లో సగం ఫుట్‌పాత్ పక్కన నాటితే, నాటేటప్పుడు వేరుకు చోటు వదిలితే, పదేళ్లలో బడి పిల్లలకు నీడ దొరుకుతుంది. వేప, కానుగ చాలు. తీగల కోసం ఏటా తల నరికే చెట్లు మాత్రం వద్దు.

ఇదంతా విదేశాల నుంచి తెచ్చుకోవాల్సిన జ్ఞానం కాదు, మన ఊరు ఒకసారి చేసి చూపించిందే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతోనే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ జలాశయాలను అందరూ తలుచుకుంటారు, తలుచుకోవాల్సిందే. నాకు మాత్రం 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మీద ఇంకా గౌరవం. గాలి, వెలుతురు లేని ఇరుకు బస్తీల స్థానంలో మామూలు జనానికి ఇళ్లు కట్టింది. మొజంజాహీ మార్కెట్ కట్టింది. చార్మినార్ నుంచి నయాపూల్ వైపు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పత్తర్‌గట్టి కట్టింది. ఒకసారి అక్కడ నిలబడి ఆ కట్టడాన్ని ఇంజనీరు కళ్లతో చూడండి. రాతి కమాన్లు వరసగా ఉంటాయి, వాటి వెనక దుకాణాలు, మధ్యలో కప్పు ఉన్న నడకదారి. ఎండలోనూ వానలోనూ నడవొచ్చు. రోడ్డు వెడల్పు చేయడమంటే బండ్లకు చోటు పెంచడం ఒక్కటే కాదని, కొనడానికి వచ్చే మనిషికి నీడ ఇవ్వడం కూడా అందులో భాగమేనని వందేళ్ల కిందటి ఇంజనీర్లకు తెలుసు. మనం గత పాతికేళ్లలో వెడల్పు చేసిన రోడ్లలో పత్తర్‌గట్టి లాంటి ఒక్క నడకదారి ఎక్కడైనా కట్టామా? నేనైతే చూడలేదు.

బస్సుల దగ్గరికి వస్తాను. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లు బయటికి రావడం నా కళ్లతో చూస్తున్నాను. ఛార్జీ లేకపోవడం వల్ల కూతురింటికి వెళ్లొచ్చే తల్లులు, దూరంగా ఉన్న మంచి పనికి మారిన ఇంటి పనివాళ్లు, లైబ్రరీకి వచ్చే ఆడపిల్లలు పెరిగారు. ఇంత మంచి పని చేసినప్పుడు బస్సుల సంఖ్య, బస్టాపుల పరిస్థితి కూడా పెంచాలి కదా. బస్ షెల్టరులో ప్రకటన బోర్డుకు లైటుంటుంది, కూర్చోవడానికి బల్ల ఉండదు. బస్సు షెల్టరు ముందు ఆగదు, నడిరోడ్డు మీద ఆగుతుంది. ఎందుకంటే షెల్టరు ముందు ఆటోలు నిలిచి ఉంటాయి. మెట్రో రైలు 2017 నవంబరులో వచ్చింది. స్టేషను లోపల అంతా శుభ్రం, ఎస్కలేటరు, వరస. మెట్లు దిగి బయట కాలు పెట్టగానే ఆ మర్యాద అయిపోతుంది. జేబీఎస్ నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా దాకా అని మొదట గీసిన మార్గం 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ వరకే తెరుచుకుంది. ఈ ఊరు పుట్టిన చోటుకే మెట్రో ఆఖరున వెళ్లడం నాకు బాధగా ఉంటుంది. పాతబస్తీ మనుషులు కూడా పన్ను కట్టేవాళ్లే.

అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023లో వేశారు. అందంగా ఉంది. ఆదివారం పొద్దున్నే కారు డిక్కీలో సైకిలు పెట్టుకుని అక్కడికి వెళ్లేవాళ్లకు బాగుంటుంది. రోజూ సైకిలు మీదే పనికి వెళ్లే వాచ్‌మన్, పేపరు కుర్రాడు, మేస్త్రీ అక్కడికి పోరు. వాళ్ల దారి ముషీరాబాద్‌లోనూ, సికింద్రాబాద్‌లోనూ, నాచారంలోనూ ఉంది.

ఆడమనిషిగా ఇంకొకటి చెప్పాలి. పని మీద బయటికొచ్చే ఆడవాళ్లలో చాలామంది పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగరు. పూలమ్మే ఆమెను అడగండి, బస్ కండక్టర్‌ను అడగండి, ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న ఆడపోలీసును అడగండి. తాగితే మూత్రానికి వెళ్లాలి, వెళ్లడానికి చోటుండదు. ఫుట్‌పాత్‌ల మీద పెట్టిన మరుగుదొడ్లలో కొన్నింటికి తాళం, కొన్నింటికి నీళ్లు లేవు, కొన్నింటికి గడియ లేదు. కట్టిన సంఖ్య నివేదికలో రాస్తారు. ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి ఎన్ని తెరిచి ఉన్నాయో కూడా రాయండి. పక్కనే ఒక మనిషిని జీతమిచ్చి పెట్టండి. ఎండాకాలంలో మూత్రం మంటతో బాధపడుతూ పనిచేసే మనిషికి ర్యాంకుల గురించి ఏం చెప్తాం?

లైబ్రరీల గురించి చాలామంది అధికారులు ఆలోచించరు, నేను మాత్రం ఆలోచించకుండా ఉండలేను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఏ రోజైనా వెళ్లండి. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు, టీచరు పోస్టులకు చదివే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి ఉంటారు. అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో చోటు చాలక పొద్దున్నే ఇక్కడికొస్తారు. లోపల కుర్చీ దొరకనివాళ్లు బయట చెట్ల కింద చదువుకుంటారు. టిఫిన్ డబ్బా తెచ్చుకున్నవాళ్లు కొందరు, అయిదు రూపాయల భోజనం దగ్గర వరసలో నిలబడేవాళ్లు కొందరు. ఈ నగరంలో ఏమీ కొనకుండా, ఎవరూ లేవమనకుండా రోజంతా కూర్చోగలిగిన చోట్లు ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. లైబ్రరీ, పార్కు, గుడి మంటపం, దర్గా ఆవరణ, ఇంకేముంది? సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయాన్ని 1901లోనే పెట్టారు. తెలుగు చదువుకు ఊతం లేని కాలంలో జనం తమ చేతి డబ్బు వేసుకుని నిలబెట్టారు. ఇప్పుడు మేం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. ఆ పైసలు వసూలైనవన్నీ, ఆలస్యం లేకుండా, గ్రంథాలయాలకే చేరాలి. ప్రతి వార్డులో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే ఒక చదువుల గది కావాలి. పదేళ్ల పిల్ల నడిచి వెళ్లే దూరంలో ఉండాలి.

చెరువుల గురించి మీరు వినని మాట నా దగ్గర లేదు. 2020 అక్టోబరు వానల్లో కాలనీలు మునిగినప్పుడు నీళ్లు తమ పాత దారిని వెతుక్కున్నాయని అందరికీ అర్థమైంది. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. చెరువును కాపాడటమంటే చుట్టూ కంచె వేసి గేటుకు తాళం పెట్టడం కాదు. సద్దుల బతుకమ్మ నాడు తలమీద బతుకమ్మతో ఆడవాళ్లు చెరువు గట్టుకు నడిచి వెళ్లగలగాలి, నీళ్లలో దిగేచోట దుర్వాసన ఉండకూడదు. ఆ ఒక్క రోజు బాగుంటే ఏడాదంతా ఆ చెరువు బాగున్నట్టే.

డబ్బు లేదంటారని తెలుసు. ఒక పెద్ద వంతెనకు వందల కోట్లు పెట్టగలిగిన నగరానికి ఫుట్‌పాత్‌లకు డబ్బు లేదనడం నేను నమ్మను. వరస మారాలి, అంతే. ఏ రోడ్డు పనికైనా అంచనాలు వేసేటప్పుడు మొదటి పద్దు నడకదారి, రెండోది దాటే చోటు, మూడోది బస్టాపు కావాలి. వాహనాల పద్దు ఆ తర్వాత. ట్రాన్స్‌ఫార్మర్లు జరపడానికి విద్యుత్ సంస్థను, గుంతలు పూడ్చడానికి జలమండలిని, ఫుట్‌పాత్‌కు కార్పొరేషన్‌ను వేర్వేరుగా తిరిగి అడుక్కోవడం మా వల్ల కాదు. వార్డుకొక కార్యాలయం 2023 జూన్‌లో పెట్టారు. అక్కడే ఈ శాఖలన్నింటి మనుషులు ఒక బల్ల దగ్గర కూర్చుని, ఆ వార్డు నడకదారులకు ఒక్కరే జవాబుదారీగా ఉండేలా చేయండి. ఆ మనిషి పేరు, ఫోను నంబరు గోడ మీద రాయించండి.

చివరగా మా కాలనీ తరఫున ఒక కోరిక. పని దినాన పొద్దున తొమ్మిదింటికి రాంనగర్ చౌరస్తాకు రండి. అక్కడి నుంచి చిక్కడపల్లి లైబ్రరీ దాకా మాతో నడవండి. వాహనశ్రేణి వద్దు, ముందు రోడ్డు క్లియర్ చేసే పోలీసులు వద్దు. మా అత్తగారు వస్తారు, పై అంతస్తులో ఉండే చక్రాల కుర్చీ పిల్లవాడు వస్తాడు, బడికి పోయే పిల్లలు వస్తారు. ఏ మెట్టు దగ్గర ఆగిపోయామో మీ ఇంజనీరు అక్కడికక్కడే రాసుకోవాలి. తేదీ మీరు చెప్పండి. సెలవు పెట్టుకుని ఆ రోజు నేను అక్కడ ఉంటాను.

ఇట్లు,
రాంనగర్ నివాసి ఒకామె
హైదరాబాద్